మెటాలికా 1991లో అమ్ముడుపోలేదు

ఫస్టియర్‌లో హాస్టల్‌కి వచ్చిన రెండో వారం అనుకుంటా. ఒక సీనియర్ అన్న నా టీషర్ట్ చూసి ఆపాడు. దాని మీద మెటాలికా అని రాసి ఉంది. "ఏ పాట ఇష్టం రా?" అన్నాడు. "నథింగ్ ఎల్స్ మ్యాటర్స్ అన్నా" అన్నాను. పక్కనున్న వాళ్ల వైపు తిరిగి నవ్వాడు. "బ్లాక్ ఆల్బమ్ బ్యాచా నువ్వు! అది మెటల్ కాదు రా, అమ్ముడుపోయాక చేసింది. అసలు మెటాలికా 1988తోనే అయిపోయింది" అన్నాడు. ఇంతకీ ఆ అన్న పుట్టింది 2003లో.

సిగ్గేసి ఒక అబద్ధం చెప్పేశాను. మా బాబాయి దగ్గర పాత క్యాసెట్లు ఉండేవనీ, చిన్నప్పుడే అన్నీ వినేశాననీ. నిజానికి నేను మెటాలికా పేరు సరిగ్గా విన్నదే 2022లో, టెన్త్ అయిపోయాక. స్ట్రేంజర్ థింగ్స్ నాలుగో సీజన్ చివర్లో ఎడ్డీ తన ట్రైలర్ పైకెక్కి మాస్టర్ ఆఫ్ పపెట్స్ వాయిస్తాడు కదా, ఆ రాత్రే యూట్యూబ్‌లో వెతికాను. ఇది చెప్తే ఇంకా ఎక్కువ నవ్వుతారని భయం.

అప్పట్నుంచీ ఈ "అమ్ముడుపోవడం" అనే మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. చదివాను, విన్నాను, రూమ్మేట్‌తో గొడవలు కూడా పడ్డాను. (హెవీ మెటల్‌ని తెలుగులో "భార లోహ సంగీతం" అందామా అంటే వాడు అరగంట నవ్వాడు. మెటల్ అనే రాస్తున్నాను, క్షమించండి.) నాకు అర్థమైంది ఏంటంటే, ఫ్యాన్స్ కోపానికి కారణం ఉంది గానీ వాళ్లు చెప్పే సంవత్సరమే తప్పు.

తెలియని వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. 1981లో లాస్ ఏంజిలిస్‌లో లార్స్ ఉల్రిచ్ అనే డ్రమ్మర్, జేమ్స్ హెట్‌ఫీల్డ్ అనే గిటారిస్ట్ కలిసి ఈ బ్యాండ్ పెట్టారు. వీళ్లది త్రాష్ మెటల్. అంటే బాగా స్పీడు, బాగా కోపం. అప్పట్లో ఆ పాటల్ని రేడియోలో వెయ్యరు, టీవీలో చూపించరు. మరి జనానికి ఎలా తెలిసింది? 1982లో వాళ్లు ఒక డెమో టేప్ చేశారు, పేరు నో లైఫ్ టిల్ లెదర్. దాన్ని విన్నవాళ్లు ఇంకో క్యాసెట్‌లోకి కాపీ చేసి ఫ్రెండ్‌కి పోస్టులో పంపేవాళ్లు. ఆ ఫ్రెండ్ ఇంకొకడికి. మొదటి ఆల్బమ్ 1983లో వచ్చేసరికే చాలా ఊళ్లలో వాళ్ల పేరు తెలుసు. ఈ క్యాసెట్ల సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

"అమ్ముడుపోయారు" అన్న తిట్టు 1991లో మొదలైంది కూడా కాదు. 1984లో ఫేడ్ టు బ్లాక్ అనే నెమ్మది పాట చేసి, అందులో అకూస్టిక్ గిటార్ పెట్టినందుకే కొందరికి మండింది. 1989లో వన్ పాటకి మొదటిసారి వీడియో చేస్తే మళ్లీ అదే తిట్టు. కాబట్టి సీనియర్ అన్న చెప్పిన 1988 గీత కూడా ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు గీసుకున్నదే.

ఇక 1991. ఆ ఆగస్టులో బ్లాక్ ఆల్బమ్ వచ్చింది. ప్రొడ్యూసర్ బాబ్ రాక్, అంతకుముందు మోట్లీ క్రూ లాంటి గ్లామర్ బ్యాండ్‌కి చేసినవాడు. త్రాష్ వాళ్లకి ఆ పేరు వింటేనే ఒళ్లు మంట. పాటలు చిన్నవయ్యాయి, వేగం తగ్గింది. రేడియోలో వచ్చాయి, ఎంటీవీలో వచ్చాయి. ఒక్క అమెరికాలోనే కోటిన్నర కాపీలకి పైగా అమ్ముడైంది. "అమ్ముడుపోవడం" అంటే ఇదేగా అంటారు.

కానీ ఒకసారి దాని ముందు ఆల్బమ్ వినండి, అండ్ జస్టిస్ ఫర్ ఆల్. టైటిల్ పాట దాదాపు పది నిమిషాలు. రిఫ్ మీద రిఫ్, దాని మీద ఇంకో రిఫ్. బేస్ గిటార్ అసలు వినపడదు. నాకు ఆ ఆల్బమ్ ఇష్టమే, కాకపోతే అది ఒకడు రాసిన కోడ్‌ని ఇంకెవడూ చదవకూడదని రాసినట్టు ఉంటుంది. ఆ పాటల్ని టూర్‌లో వాయిస్తుంటే జనం ముఖాల్లో విసుగు కనిపించిందని కిర్క్ హామెట్ తర్వాత తనే చెప్పాడు. అంటే మార్పు కంపెనీ ఆఫీసులో పుట్టలేదు, స్టేజీ మీద పుట్టింది. ఎంటర్ శాండ్‌మ్యాన్ రిఫ్ హామెట్‌దే. అందులో మొదటి ముక్కని మూడుసార్లు తిప్పమని లార్స్ చెప్పాడు, అంతే, పాట నిలబడింది. తీసేయడం ఎంత కష్టమో ప్రాజెక్ట్ రిపోర్ట్ 80 పేజీల నుంచి 40కి తగ్గించిన వాళ్లకి తెలుస్తుంది.

నథింగ్ ఎల్స్ మ్యాటర్స్ సంగతి ఇంకా తమాషా. హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని అప్పటి గర్ల్‌ఫ్రెండ్‌తో మాట్లాడుతూ, ఖాళీగా ఉన్న రెండో చేత్తో తీగలు మీటాడట. అందుకే దాని మొదలు మొత్తం ఓపెన్ తీగలే. ఆరో తీగ, మూడు, రెండు, ఒకటి. ఎడమ చెయ్యి అవసరమే లేదు. మా హాస్టల్‌లో గిటార్ పట్టుకున్న ప్రతివాడూ మొదటి రోజు వాయించేది అదే. దాన్ని బ్యాండ్‌కి ఇవ్వాలని కూడా ఆయన మొదట అనుకోలేదు, తన కోసం దాచుకున్నాడు. జనం కొంటారని రాసిన పాట అయితే దాచుకోడు కదా!

అలాగని పాత ఫ్యాన్స్‌ని వెక్కిరించను. 1986లో క్లాసులో ఎవరూ మాట్లాడని ఒక కుర్రాడిని ఊహించుకోండి. వాడికి ఉన్నదల్లా ఒక డెనిమ్ జాకెట్, నాలుగు క్యాసెట్లు, ఎక్కడో వేరే ఊళ్లో ఉన్న పెన్‌ఫ్రెండ్స్. అయిదేళ్ల తర్వాత వాడిని ఏడిపించినవాళ్లే కార్లో అదే బ్యాండ్ పాట పెట్టుకుని తిరుగుతుంటే ఎలా ఉంటుంది? పాట బాగుందా లేదా అన్నది వేరే సంగతి. వాడిది అనుకున్న చోటు పోయింది. అది బ్యాండ్ చేసిన ద్రోహం అని మాత్రం నేను అనను.

ద్రోహం అనే మాట వాడాల్సి వస్తే నేను 2000కి వాడతాను. నాప్‌స్టర్ గురించి నెట్‌వర్క్స్ క్లాసులో వినే ఉంటారు. రాసింది షాన్ ఫానింగ్, 2000లో కేసు పడేనాటికి వాడి వయసు సరిగ్గా మన వయసే, 19. ఏ పాట ఎవరి దగ్గర ఉందో చెప్పే లిస్టు సర్వర్‌లో ఉంటుంది, ఫైల్ మాత్రం ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కి నేరుగా వెళ్తుంది. మెటాలికా పూర్తి చేయని ఐ డిసప్పియర్ అనే పాట అందులోంచి రేడియో స్టేషన్లకి చేరిపోయింది. ఏప్రిల్‌లో కేసు వేశారు, నాప్‌స్టర్ మీదే కాదు, మూడు యూనివర్సిటీల మీద కూడా. మే నెలలో లార్స్ స్వయంగా నాప్‌స్టర్ ఆఫీసుకి వెళ్లి, తమ పాటలు పంచుతున్న 3,35,435 యూజర్ నేమ్స్ కాగితాల మీద ప్రింట్ చేయించి పెట్టెల్లో ఇచ్చి వచ్చాడు. వీళ్లని తీసేయండి అని.

ఇప్పుడు ఆ క్యాసెట్లు గుర్తు చేసుకోండి. పాట కాపీ చేసి పంచినవాళ్ల వల్ల పైకొచ్చిన బ్యాండ్, పాట కాపీ చేసి పంచినవాళ్ల లిస్టు ఇచ్చింది. 

లార్స్ వైపు న్యాయం లేదని కాదు. క్యాసెట్ కాపీకి టైమ్ పడుతుంది, ప్రతి కాపీకీ సౌండ్ పాడవుతుంది. నాప్‌స్టర్‌లో కాపీ అచ్చం ఒరిజినలే, అది లక్షల మందికి ఒకేసారి వెళ్తుంది. స్కేల్ మారితే ప్రాబ్లమే మారిపోతుందని మనకి చెప్తూనే ఉంటారు. పూర్తి కాని పాట బయటికి వెళ్తే ఎవరికైనా కాలుతుంది, నా సగం రాసిన కవిత ఎవరైనా గ్రూప్‌లో పెడితే నేనూ ఊరుకోను. కంపెనీ మీద కేసు వేసుకోవచ్చు. నాకు మింగుడు పడనిది ఆ లిస్టు ఒక్కటే. అందులో ఎంతమంది టీషర్ట్ కొన్నవాళ్లు, ఎంతమంది వానలో క్యూలో నిలబడి షో చూసినవాళ్లు ఉంటారో.

విచిత్రం ఏంటంటే, 2022లో స్ట్రేంజర్ థింగ్స్ చూసి వచ్చిన నాలాంటి వాళ్లని పాత ఫ్యాన్స్ ఆన్‌లైన్‌లో వెక్కిరిస్తుంటే, అందరూ రావచ్చని చెప్పింది ఆ బ్యాండే. 36 ఏళ్ల కిందటి పాట మొదటిసారి అమెరికా హాట్ 100 లిస్టులోకి ఎక్కింది. అది నాకు బాగా నచ్చింది. 2000 నాటి లెక్క దాంతో తీరిపోయిందా అంటే, ఇంకా తేల్చుకోలేదు.

ఆ సీనియర్ అన్న పాసై వెళ్లిపోయాడు, కానీ మన మ్యాగజైన్ లింక్ పాత బ్యాచ్ గ్రూప్‌లో కూడా వెళ్తుందని ఎడిటర్ అన్నారు. అన్నా, ఇది మీదాకా వస్తే ఒక మాట. మా బాబాయి దగ్గర క్యాసెట్లు నిజంగానే ఉన్నాయి. అన్నీ ఇళయరాజావి.