వర్తక సౌకర్యములు - కామాఠిపురపు పద్దు

వర్తక సౌకర్యములకు ధనము కేటాయించుట యనగానే రాజధానిలోని మనవారికి మొదట తోచునవి రేవులు, గిడ్డంగులు, కంప్యూటరు యంత్రములు, సుంకపు కచ్చేరీలు. ఇవన్నియు కావలసినవే. కాని ముంబయిలోని కామాఠిపురమునకు ఒకమారు పోయి, అచ్చటి తెలుగు చాళ్ళనడుమ సాగుచున్న చిన్న కార్ఖానాలను చూచివచ్చిన వారికి, ఈ పద్దులో వ్రాయక విడిచిన అంశ మొకటి కలదని తెలియక మానదు. ఆ పేట పేరు చెప్పగానే కొందరు ముఖము త్రిప్పుకొందురు. నిజాము రాజ్యమునుండి కూలికై వచ్చి, ఆ నగరపు వీధులను కట్టడములను తమ చేతులతో లేపిన తెలుగు కామాఠీల వలన ఆ పేరు వచ్చినదని వారు మరచిరి.

బాలీలో 2013 డిసెంబరులో కుదిరి, 2017 ఫిబ్రవరి 22వ తేదీన అమలునకు వచ్చిన వర్తక సౌకర్య ఒడంబడికలో మెచ్చదగిన న్యాయ మొకటి కలదు. వర్ధమాన దేశములు తమ బాధ్యతలను తామే మూడు తరగతులుగా విభజించుకొనవచ్చును. వెంటనే చేయగలిగినవి మొదటి తరగతి. గడువు కావలసినవి రెండవది. గడువుతోపాటు ధనసాహాయ్యమును శిక్షణమును కావలసినవి మూడవది. శక్తి చేకూరనిదే బాధ్యతను మోపరాదన్న సూత్ర మిందు అంగీకృతమైనది. 2016 ఏప్రిలులో ఈ ఒడంబడికను ఆమోదించిన భారతదేశము మూడవ తరగతిలో ఒక్క అంశమునైనను చేర్పలేదు. పరుల సొమ్ము మా కక్కరలేదనుట గౌరవప్రదమే. అందులకు మేమును సంతసించుచున్నాము. అయితే బయటివారిని అడుగ మన్నప్పుడు లోపలివారికి మనమే ఇయ్యవలెను గదా! దేశమునకు మూడవ తరగతి అక్కరలేకపోయినంతమాత్రమున దేశములోని ప్రతి వర్తకునకును అది అక్కరలేదని చెప్పుట ఎట్లు?

జరిగిన మంచిని మేము కాదనము. 2016 ఏప్రిలునుండి సుంకపు శాఖలో పెక్కు శాఖల అనుమతులకు ఒకే గవాక్షము ఏర్పడినది. నవాశేవా రేవులో సరకు నిలుచు కాలము తగ్గినది. సరిహద్దు వర్తకమును గూర్చి ప్రపంచ బ్యాంకు వేసిన పట్టికలో మన స్థానము ఒక్క యేట 146నుండి 80కి ఎక్కినదని 2018లో ఉత్సవములు జరిగినవి. లెక్కలలో అక్రమములు బయల్పడగా 2021లో ఆ పట్టికయే నిలిపివేయబడినది. పట్టిక పోయినదిగాని పని పోలేదు.

ముంబయికి మరింత దగ్గరి నిదర్శనము ఆక్ట్రాయి. నగరపు ఎల్లలయందు లారీలను బారులు తీర్పించిన ఆ సుంకము 2017 జూలై 1వ తేదీన రద్దయినది. దానిని తప్పించుకొనుటకై నగరమున కావల భివండీలో గిడ్డంగులు వెలసినవి. మన పద్మశాలీలు మరమగ్గములు నడపుకొను ఊరును అదియే. ఆక్ట్రాయి పోవుట వర్తకమునకు మేలు. కాని నగరపాలక సంస్థకు ఆదాయము పోవునుగదా యని రాష్ట్ర శాసనసభ ముందుగనే చట్టము చేసి, పరిహారమును నెలనెలకు ఇచ్చు ఏర్పాటు గావించినది. మొదటి వాయిదా సుమారు 647 కోట్ల రూపాయలు. సంస్కరణమువలన నష్టపడువానికి సంస్కరణపు పద్దునుండియే ఈయవలెనని ప్రభుత్వమునకు తెలియకపోలేదు. నష్టపడువాడు కార్పొరేషనైనప్పుడు తెలిసిన ఈ న్యాయము, చాలులో నివసించు చిన్న వర్తకుని యెడ ఏల తోపకపోవలెను?

వానికి వచ్చు చిక్కు విచిత్రమైనది. ఎగుమతిదారు సంఖ్యకు రుసుము 500 రూపాయలే. అది భారము కాదు. అసలు చిక్కు చిరునామాది. ఆ చాళ్ళలో పెక్కు గదులు పగిడీ పద్ధతిని ఉన్నవి. ఒకప్పుడు పెద్దమొత్త మిచ్చి, స్వల్పపు అద్దెమీద తరతరములుగా కాపురముండుట ఆ పద్ధతి. రసీదు తాతపేర, కరెంటు బిల్లు పెదతండ్రిపేర, వ్యాపారము మనుమనిది. పేరు మార్పించుకొనవలెనన్న ఇంటియజమాని సొమ్మడుగును. జి.ఎస్.టి. నమోదునకు వ్యాపారస్థలపు ఆధారము కావలెను. ఆ నమోదు లేనిదే ఎగుమతిపై పన్ను వాపసు రాదు. కావున ఆ మనుమడు తన సరకును దళారిపేర పంపి, దళారి ఇచ్చినది పుచ్చుకొనవలసినవా డగుచున్నాడు. ఒకే గవాక్షము తెరచినారు, నిజమే; వానికి అచ్చటివరకు పోవుటకు మెట్లు లేవు.

ఈ మెట్లు కట్టుటకు కోట్లు అక్కరలేదు. తపాలాశాఖ 2022నుండి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములను నెలకొల్పి, చిన్న ఎగుమతిదారులు తపాలాకచ్చేరినుండియే కాగితములు దాఖలు చేసి పార్సెలు పంపుకొను వీలు కల్పించినది. ఇది సరియైన త్రోవ. కామాఠిపురమువంటి పేటల కందుబాటులోని కేంద్రములందు తెలుగు, మరాఠీ, హిందీ నెరిగిన గుమాస్తా నొకని నియమించి, వాని జీతమును వర్తక సౌకర్యముల పద్దునుండియే చెల్లింపవలెను. తరతరముల పగిడీ రసీదును, వారసుని ప్రమాణపత్రముతో, వ్యాపారస్థలపు ఆధారముగా అంగీకరింపవలెను. ఇందుకు కావలసినది ధనముకన్న ఉత్తరువు. రాజధానిలో ఫైళ్ళు వ్రాయు ఉద్యోగులు, లెక్కలు తనిఖీ చేయు అకౌంటెంట్లు, న్యాయవాదులు మనవారిలో ఎందరో కలరు; ఈ ముసాయిదాను సిద్ధపరచుట వారికి ఒక వారపు పని.

కామాఠిపురమును సమూలముగ పునర్నిర్మించు ప్రయత్నములు సాగుచున్నవి గనుక ఆలస్యము పనికిరాదు. పాత గది కూలి క్రొత్తది చేతికి వచ్చులోపల ఆ వర్తకుని చిరునామా ఏది? ఆ మధ్యకాలమున వాని నమోదు రద్దుకాకుండ కాపాడు నిబంధన నొకదానిని, తాత్కాలిక కార్ఖానాల ఖర్చుతోకూడ, పునర్నిర్మాణపు అంచనాలలో ఇప్పుడే చేర్పవలెనని మేము కోరుచున్నాము.