యునీకే – పరాయి పేరా?

విద్యార్థి పేరును సరిగా పలుకుట ఉపాధ్యాయుడు చూపవలసిన తొలి మర్యాద. సీత, సుజాత, వెంకటేశ్వర్లు అను పేర్లకు ఈ విషయమున చిక్కు లేదు. కాని తెనాలి చేరువనున్న కొల్లిపర వంటి గ్రామమున ఒక బాలికకు 'యునీకే' యని పేరున్నచో తోడి పిల్లలు నవ్వుదురు. హాజరుపట్టీ వ్రాయు చేయి తడబడును. ఒకచోట 'యూనిస్' అనియు, వేరొకచోట 'యునిక' యనియు పడును. అది దొరల పేరని త్రోసివేయువారును కలరు. ఆ మాట విచారణకు నిలువదు.

లూథరన్ మిషనరీ హయ్యరు 1842లో గుంటూరు చేరెను. అటుపిమ్మట పేతురు, ఫిలిప్పు, స్తెఫను, తిమోతి వంటి పేర్లు ఈ సీమ పల్లెలలో వ్యాపించెను. ఇవన్నియు గ్రీకు మాటలే. పేతురనగా రాయి, ఫిలిప్పనగా గుర్రములను ప్రేమించువాడు, స్తెఫననగా కిరీటము, తిమోతి యనగా దేవుని గౌరవించువాడు. ఆ పేర్లు పెట్టుకొనినవారిలో పెక్కుమంది అంటరానితనపు భారము మోసిన కుటుంబములవారు. వారికి కొత్త పేరు కొత్త గౌరవము.

యునీకే ఈ తిమోతికి తల్లి. ఆమె యూదురాలు; భర్త గ్రీకువాడు. ఆమె విశ్వాసమును, ఆమె తల్లి లోయి విశ్వాసమును పౌలు తన లేఖలో కొనియాడెను.

గ్రీకున 'యు' యనగా మంచి. 'నీకే' యనగా విజయము. గ్రీకుల విజయదేవత పేరును అదియే. నేటి విద్యార్థులు బూట్లపై చూచు 'నైకీ' ఆ దేవత పేరే. ఆ 'యు', సంస్కృతమందలి 'సు' ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. సుశీల, సుజాత అను పేర్లలోనిది ఆ 'సు'యే. కావున యునీకే యనగా 'సువిజయ'. 'యూనిస్' అనునది ఆంగ్లేయుల ఉచ్చారణ. అందు 'క'కారము పోయినది. తెలుగు బైబిలు దానిని నిలుపుకొన్నది. యునీకేను యూనిస్‌గా మార్చుట దిద్దుట కాదు, చెరుపుట.

అర్థము మంచిదే యైనను మాట పరాయిది కదా యని కొందరందురు. గణితోపాధ్యాయుడు వృత్తము గీచి 'కేంద్రము' అని చూపునప్పుడు పలుకునది గ్రీకునుండి వచ్చిన మాటయే. జ్యోతిషమందలి 'హోర'యు అట్టిదే. కొల్లిపర చెంత పారు కృష్ణానది క్రీస్తు శకము 2వ శతాబ్దమునందే టాలమీ గ్రీకు గ్రంథమున 'మైసోలోస్' అను పేరుతో కెక్కినదని చరిత్రకారులు గుర్తించిరి. ఇచ్చిపుచ్చుకొనుట ఇరువైపులను సాగినది. కేంద్రమును తనదిగా చేసికొనిన భాషకు యునీకే బరువగునా?

పట్టీలో తప్పిన అక్షరము పదవ తరగతి ధ్రువపత్రమువరకు వెంటాడును. కనుక బడి తెరచిన తొలివారమున ప్రతి విద్యార్థి తన పేరునకు అర్థమేమో ఇంట అడిగి వచ్చి తరగతిలో చెప్పుట మేలు. సుజాత, యునీకే తమ పేర్లలోని తొలి అక్షరములు తోబుట్టువులని ఆనాడే తెలిసికొందురు. పిమ్మట నవ్వువారుండరు.