అది గోడా... నీడా?

రావులపాలెం వెళ్లి అరటిగెల లేకుండా తిరిగి రావడం మా ఇంటావంటా లేదు. మొన్న వేసవిలోనూ అంతే. పొద్దున్నే మార్కెట్లో చక్రకేళి గెల బేరమాడి, రాత్రికి పెద్దమ్మ వాళ్లింట్లో ఆగిపోయా.

భోజనాలయ్యాక మేడ మీద గదిలోంచి ఒకటే అరుపులు. ‘అది నీడరా!’ ‘నీడేంటి బావా, గోడ!’ ఏమైందోనని పరిగెత్తా. మా అన్నయ్య కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. డిగ్రీ చదువుతున్నాడు. అవతలి వైపు డాలస్ నుంచి వాడి మేనత్త కొడుకు, హైదరాబాద్ నుంచి ఇద్దరు స్నేహితులు. మనకి రాత్రి తొమ్మిదిన్నర, డాలస్‌లో పొద్దున్న పదకొండు. నేను చూస్తుండగానే బావగారు లైన్లోంచి వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ చేస్తే తియ్యలేదు.

ఇంతకీ గొడవేంటంటే... ఆట! 1974లో అమెరికాలో అచ్చయిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో మొదలైన రకం. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఒకడు విలుకాడు, ఒకడు మంత్రగాడు, ఇలా. తలుపు తియ్యాలా, శత్రువు మీద పడాలా, పారిపోవాలా అన్నది ఎవరికి వాళ్లే చెప్పాలి. దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒకప్పుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడేవాళ్లు. 2012లో రోల్20 లాంటి సైట్లు వచ్చాక బల్ల కంప్యూటర్‌లోకి ఎక్కింది. యుద్ధం వచ్చినప్పుడు అందరి తెరల మీదా ఒక పటం పరుస్తారు. గడులు గడులుగా ఉంటుంది. ఎవరి బిళ్ల వాళ్లు జరుపుకోవాలి.

ఆ పటం గీసింది మావాడే. అందులో ఒక నల్లటి పట్టీ ఉంది. బావ దాన్ని నీడ అనుకుని, అటుగా తప్పించుకోవచ్చని బిళ్ల జరిపాడు. తీరా చూస్తే గోడ. వెనక నుంచి రాక్షసి. ఎనిమిది నెలలుగా పెంచుకున్న విలుకాడు అక్కడే హరీమన్నాడు. ‘పటం చూడ్డం రాకపోతే నేనేం చెయ్యను?’ అని వీడు. ‘గియ్యడం రానివాడివి నువ్వు’ అని వాడు. నవ్వొచ్చిందిగానీ, అన్నయ్య చెప్పాక నవ్వు ఆగింది. అయిదేళ్ల నుంచి ఇండియా రాని ఆ కుర్రాడికి ఇంటితో మిగిలిన లంకె ఈ శనివారం ఆటేనట. మిగతా రోజుల్లో పలకరిస్తే ‘ఆఁ’, ‘ఊఁ’లే!

మర్నాడు పొద్దున్న పటం తీరిగ్గా చూశా. నాలుగు రాత్రులు కూర్చుని గీశాడట. అరటితోట, మధ్యలో పాడుబడ్డ కోట, పక్కన కాలవ. ప్రతి ఆకుకీ ఈనెలు, ప్రతి రాయికీ నీడ. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవచ్చు. కానీ ఎటు నడవాలో మాత్రం నాకూ తెలియలేదు.

మా ఆఫీసులో ఒక అలవాటుంది. రంగుల పేజీ ఎంత బాగున్నా ఒకసారి నలుపు తెలుపుల్లో ప్రింటు తీసి చూస్తాం. రంగు తీసేశాక కూడా బొమ్మ తెలిస్తే సరే, ముద్దైపోతే మళ్లీ మొదటికే. మావాడి పటాన్నీ అలాగే చూశాం. ఆకుపచ్చ తోట, గోధుమరంగు గోడ, నీలం కాలవ... మూడూ ఒకే బూడిద రంగు! ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపున్నవాళ్లు మగపిల్లల్లో బాగానే ఉంటారు. వాళ్లకి తెర మీద కూడా ఆ ఆకుపచ్చ తోట, గోధుమరంగు గోడ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కనబడొచ్చు.

ఇదంతా అరుగు మీద కూర్చుని వింటున్న పెద్దమ్మ ‘ఏంట్రా, పులిజూదమా?’ అంది. ఆవిడ చిన్నప్పుడు బొగ్గుముక్కతో గీసేవారట. ఇరవై మూడు కూడళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు. గీత ఉంటే దారి, లేకపోతే లేదు. అడవీ గియ్యరు, పులి చారలూ గియ్యరు. అయినా ‘ఇది గీతా, నీడా’ అని ఏ అరుగు మీదా తగాదా రాలేదు.

అలాగని కథల ఆటకి పులిజూదం గళ్లు చాలవు. అక్కడ తోటా ఉండాలి, కోటా ఉండాలి. అందుకని ఇద్దరం ఒక పని చేశాం. పటంలో ఉన్న ప్రతి వస్తువునీ రెండే ప్రశ్నలు అడిగాం. దీన్లోంచి వెళ్లగలమా? దీన్లోంచి చూడగలమా? కాలవ దగ్గర అవతలి గట్టు కనబడుతుంది, కానీ నడిచి వెళ్లలేం. అరటితోటలో నడవొచ్చు, పది అడుగుల అవతల మనిషి కనబడడు. గోడైతే రెండూ కుదరవు. దమ్ము చేసిన చేలో రెండూ కుదురుతాయి, కాకపోతే కాలు దిగబడుతుంది. ఈ నాలుగూ నాలుగు రకాలుగా కనబడితే పటం సగం పూర్తయినట్టే. వాడు అన్నిటికీ ఒకే రకం ముదురు నీడలు వేసి కూర్చున్నాడు.

మిగతా సగం చెయ్యి అలవాటు. నడిచే నేల లేత రంగులో, ఖాళీగా ఉండాలి. గోడలు మందంగా, గడి గీత మీదే రావాలి. సగం గడిలో ఆగిన గోడ తగాదాకి పునాది. గడి గీతలు సన్నగా, చూసీ చూడనట్టు ఉంటే చాలు. ఈ ఆటలో ఒక గడి అంటే అయిదడుగులు. అంటే గడి వెడల్పు సందులో మనిషి వెనక మనిషే వెళ్లాలి. నలుగురు ఆడే చోట సందులు రెండు గడులైనా ఉండకపోతే వెనకవాళ్లకి గోళ్లు గిల్లుకోవడమే పని. రోల్20లో మామూలుగా గడికి డెబ్బయి పిక్సెళ్లు. ముప్ఫై గడుల పొడవు, ఇరవై గడుల వెడల్పు కావాలంటే బొమ్మ 2100, 1400 కొలతల్లో గియ్యాలి. ఇష్టమొచ్చిన కొలతలో గీసి తర్వాత సాగదీస్తే గడి మీద గడి కూర్చోదు. ఆకుల ఈనెలు గియ్యొద్దా అంటే గియ్యొచ్చు, ఎవరూ నడవని అంచుల్లో. వాడి ముచ్చట మాత్రం ఎందుకు కాదనాలి!

పటాలంటే నాకు చందుర్తి గుర్తొచ్చింది. గొల్లప్రోలు మండలంలో ఊరు. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లిషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ యుద్ధం జరిగింది. ఇటు విజయనగరం ఆనందరాజు తోడుగా కల్నల్ ఫోర్డ్, అటు కాన్‌ఫ్లాన్స్. ఫోర్డ్ తెల్లసైనికులు నిలబడ్డ చోట చేను నిలువెత్తు పెరిగి వాళ్లని పూర్తిగా కప్పేసింది. పక్కనున్న మన సిపాయిలు మాత్రం బయలులో, ఎర్రకోట్లతో. ఫ్రెంచివాళ్లు ఆ ఎర్రకోట్లు చూసి వాళ్లే అసలు దళం అనుకుని మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. వీళ్లు వరస తప్పి వెంటపడ్డారు. అప్పుడు చేను చాటు నుంచి ఫోర్డ్ దళం వచ్చి పక్క నుంచి కాల్చింది. కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రి దారి పట్టాడు. మరుసటేడు ఏప్రిల్లో మచిలీపట్నమూ ఇంగ్లిషువాళ్ల చేతికొచ్చింది. ఉత్తర సర్కార్ల రాత మారడంలో ఆ చేనుకీ వాటా ఉంది!

కథ వినగానే మావాడి కళ్లు మెరిశాయి. ‘బాబాయ్, నడవొచ్చుగానీ చూడలేం! అరటితోట రకం!’ అన్నాడు. సాయంత్రానికి చందుర్తి పటం మొదలెట్టాడు. చేను దగ్గర తెర మీద చిన్న ఏర్పాటు చేశాడు. ఎవరి బిళ్ల ఎక్కడుంటే అక్కణ్నుంచి కనబడేంతే వాళ్లకి కనబడుతుంది, చేను వెనకదంతా చీకటి. ఈ సౌకర్యం ఆ సైట్లలో ఉంటుందట. ఆడేవాళ్లు అయోమయపడాల్సింది శత్రువు ఎక్కడున్నాడన్న దాని గురించి, గోడ ఎక్కడుందన్న దాని గురించి కాదు. ఇది నేను చెప్పలేదు, వాడే అన్నాడు.

పటం బావకి పంపాడు. కింద ఒకటే వాక్యం: ‘ఆ రోజుది గోడే, కానీ నీడలా గీసింది నేనే.’ రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు జవాబొచ్చింది: ‘నేను ఫ్రెంచివాళ్ల వైపు ఆడను.’ అన్నయ్య ఆ ముక్క పట్టుకొచ్చి వంటింట్లో వదినకి చదివి వినిపించాడు.

శనివారం రాత్రికి నేనూ ఉన్నా. ఆట మొదలయ్యే ముందు చివరి పరీక్షగా పటం పెద్దమ్మకి చూపించాం. ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయింది ఒక కంటికే. కళ్లజోడు పైకి తోసుకుని తెర దగ్గరికి వంగింది. ‘ఇది చేను. ఇది పుంత. ఇది కాలవ. ఇక్కడ ఊరు’ అంటూ వేలితో చూపిస్తూ పోయింది. మావాడి మొహం వెలిగిపోతోంది.

ఆవిడ వేలు కాలవ దగ్గర ఆగింది.

‘మరి వంతెనేదిరా?’

మావాడు నా వంక చూశాడు. నేను గోడ వంక చూశా. హెడ్‌ఫోన్లోంచి డాలస్ నవ్వు గదంతా వినబడింది.