ఊపిరిని కొలవకుండానే కవాటమా?

ఈమధ్య మన కుర్రాళ్ల ఫోన్లలో ఒక కబురు బాగా తిరుగుతోంది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి నాలుగడుగులు వేయలేనివాళ్లకు కొత్త చికిత్స వచ్చిందట. ఛాతీ కోయరు, కుట్లు వేయరు. సన్నని గొట్టంతో ఊపిరితిత్తి లోపల చిన్న చిన్న కవాటాలు పెడతారు, మనిషి లేచి నడుస్తాడు. కబురు అబద్ధం కాదు. కానీ దాని కింద "ఇంక ఆయాసానికి భయం లేదు" అని రాసి పంపుతున్నారే, అక్కడే మాకు అభ్యంతరం. ఎవరికి భయం లేదు? ఆ కవాటం ఎవరి ఊపిరితిత్తికి? ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా ఆ కబురును గూడేలకు మోయడమంటే ఆకలితో ఉన్నవాడికి పెళ్లిభోజనం బొమ్మ చూపించడమే.

ముందు ఆ చికిత్స ఏమిటో తెలుసుకుందాం. తెలియనిదాన్ని పొగడకూడదు, తిట్టకూడదు. ఊపిరితిత్తిలో గాలి నిండే చిన్న తిత్తులను బడిపాఠంలో వాయుగోణులు అని చెబుతాం. ఎంఫిసీమా అనే జబ్బులో వాటి గోడలు చిరిగిపోతాయి. సాగి ముడుచుకునే గుణం పోతుంది. లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాడైన భాగం ఉబ్బి, పక్కనున్న మంచి భాగాన్ని నొక్కేస్తుంది. కింద ఉదర వితానం కదలడానికి చోటుండదు. బ్రాంకోస్కోప్ అనే గొట్టాన్ని శ్వాసనాళంలోకి దింపి, దానిలోంచి ఇంకా సన్నని కాథెటర్ పంపి, పాడైన భాగానికి గాలి వెళ్లే దారుల్లో కవాటాలు అమరుస్తారు. వాగులో మనం పెట్టే చేపల బుట్టలోకి చేప వెళ్తుంది గానీ తిరిగి రాలేదు. ఈ కవాటం పని దానికి తలకిందులు. గాలి బయటికి వస్తుంది, లోపలికి పోలేదు. పాడైన భాగం ముడుచుకుంటే మంచి భాగానికి చోటు దొరుకుతుంది. ఇలాంటి జెఫైర్ అనే కవాటానికి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

అదే ఏడాది అచ్చయిన లిబరేట్ అనే పరిశోధనలో 190 మంది రోగులున్నారు. ఏడాది తర్వాత చూస్తే, కవాటాలు పెట్టినవాళ్లలో దాదాపు 48 శాతం మందికి ఒక్క సెకనులో ఊదగలిగే గాలి 15 శాతమో అంతకన్నా ఎక్కువో పెరిగింది. పెట్టనివాళ్లలో అలా పెరిగింది 17 శాతం మందికి. ఆరు నిమిషాల నడకలో రెండు జట్ల మధ్య తేడా సుమారు 39 మీటర్లు. పొయ్యి దగ్గర్నుంచి బోరింగు దాకా వెళ్లలేని మనిషికి 39 మీటర్లు చిన్నమాట కాదు. దాన్ని మేము తక్కువ చేయం.

అయితే అదే పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది. కవాటం పెట్టించుకున్న ప్రతి నలుగురిలో ఒకరికి పైగా, మొదటి 45 రోజుల్లో, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఊపిరితిత్తి కుంచించుకుపోయింది. ఎక్కువమందికి మొదటి మూడు రోజుల్లోనే ఇది జరిగింది. అందుకే కనీసం మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉంచుకోవాలంటారు. కొందరికి ఇంటికి వచ్చాక కూడా రావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఛాతీలో గొట్టం వేసి గాలి తీయాల్సి రావచ్చు. డోలీ కట్టి రోడ్డు దాకా మోయాల్సిన ఊళ్లో, వానాకాలం రాత్రి, ఆ మనిషి గతి ఏమిటి? రోడ్డు, అంబులెన్సు, ఫోను సిగ్నలు కూడా ఈ చికిత్సలో భాగమే. ఆ భాగం గురించి ఏ ప్రకటనలోనూ రాయరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ కవాటం మన ఊపిరితిత్తికి సరిపోతుందా? అది ఎంఫిసీమా ముదిరినవాళ్లలో కొందరికే పనికొస్తుంది. రోగి పొగతాగడం మానేసి ఉండాలి. మందులు, వ్యాయామ శిక్షణ అయ్యాక కూడా ఆయాసం తగ్గకపోతేనే ఆలోచిస్తారు. పాడైన భాగానికీ పక్క భాగానికీ మధ్య దొంగదారి ఉంటే గాలి అటునుంచి చొరబడుతుంది, కవాటం వృథా అవుతుంది. మరి మన తల్లుల సంగతి? సిగరెట్టు పొగకు పాడైన ఊపిరితిత్తితో పోలిస్తే, పొయ్యి పొగకు పాడైన ఊపిరితిత్తిలో ఎంఫిసీమా తక్కువ, శ్వాసనాళాలు మందమెక్కి ఇరుకైపోవడం ఎక్కువ అని పరిశోధకులు గమనించారు. టీబీ తగ్గాక మచ్చలు మిగిలినవాళ్లున్నారు. రాళ్ల క్వారీల్లో దుమ్ము మింగినవాళ్లున్నారు. వీళ్లలో చాలామందికి ఈ కవాటం పెట్టే చోటే ఉండదు. అంటే లక్షల రూపాయలు ఎవరో కట్టి, రోడ్డు వేసి, పట్నం తీసుకెళ్లినా, "ఇది మీకు కాదమ్మా" అనే మాటే వినాల్సి రావచ్చు.

ఈ జబ్బులన్నిటినీ మన ఊళ్లలో ఒకే మాటతో పిలుస్తాం, ఆయాసం అని. లేదా వయసు మీద పడిందంటాం. గాలిదారులు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. 2021లో ప్రపంచంలో దీనివల్ల సుమారు 35 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 70 ఏళ్లు నిండకుండానే దీనితో పోయేవాళ్లలో దాదాపు 90 శాతం పేద, మధ్య ఆదాయ దేశాల వాళ్లే. ఆ లెక్కలో మన గూడేలవాళ్లు ఎందరో ఎవరు చెప్పగలరు? జబ్బుకు పేరు పెట్టని చోట చావుకు కూడా పేరుండదు.

పేరు పెట్టడానికి కావాల్సింది స్పైరోమీటర్. మనిషి గట్టిగా ఊదితే గాలి ఎంత, ఎంత వేగంగా వస్తుందో కొలిచే మర. లండన్‌లో జాన్ హచిన్‌సన్ అనే డాక్టరు 1846లో తన స్పైరోమీటర్‌ను లోకానికి చూపించాడు. ఇప్పుడది చేతిసంచిలో పట్టేంత చిన్నదిగా దొరుకుతోంది. మేము పనిచేసిన మండలాల్లో ఏ ఆరోగ్య కేంద్రంలోనూ అది మాకు కనిపించలేదు. దగ్గుతో వెళ్తే కఫం పరీక్ష చేస్తారు. టీబీ లేదంటే సంతోషమే. కానీ మరి ఏముంది? దగ్గుమందు సీసా ఇచ్చి పంపేస్తారు. ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటినవాళ్లకు నింపే ఫారంలో ఆయాసం ఉందా అని ఒక ప్రశ్న ఉంది, వంట దేనితో అని ఇంకో ప్రశ్న ఉంది. మన ఇళ్లలో రెండింటికీ జవాబు రాసుకుని వెళ్తారు. ఆ తర్వాత? అడిగింది మీరు, చెప్పింది మేము, కొలిచేది ఎవరు?

కొందరు పెద్దమనుషులు తేలిగ్గా ఒక మాట అంటారు. "మీవాళ్లు చుట్టలు తాగుతారు, అడ్డపొగ పీలుస్తారు, పొగలో కూర్చుంటారు, రోగం రాదా?" చుట్ట మానాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ మన పొయ్యి పొగకు ఒక పని ఉంది. అటక మీద విత్తనాలకు పురుగు పట్టకుండా చూసేది అదే. చలికాలం ఇంటిని వెచ్చగా ఉంచేది అదే. 2016లో ఉజ్వల పథకం మొదలై గ్యాసు పొయ్యిలు వచ్చాయి. నిండు సిలిండరు దాదాపు 30 కిలోలు. దాన్ని కొండమీదికి ఎవరు మోస్తారు? అయిపోతే మళ్లీ ఎప్పుడు వస్తుంది? ఇవి తేల్చకుండా మన తల్లులను నిందించేవాళ్లకు జవాబు చెప్పాల్సిన పని మనకు లేదు.

ఇంకోవైపు నుంచి ఇంకో మాట వస్తుంది. "గిరిజనులకు ఇంత ఖరీదైన వైద్యం దేనికి, మాత్రలు చాలు" అని. దానికీ మేము ఒప్పుకోం. మనలో ఎవరికైనా ఆ కవాటం సరిపోతే, అది పట్నంలో డబ్బున్నవాడికి ఎంత హక్కో మనకూ అంతే హక్కు. కానీ ఆ తలుపు దాకా వెళ్లే మెట్లన్నీ మనకు కావాలి. మొదట ఊపిరి కొలత. తర్వాత పీల్చే మందు నెలనెలా, మధ్యలో ఆగకుండా. పీల్చే పద్ధతి నేర్పే మనిషి. నడక, కండరాల వ్యాయామం నేర్పే శిక్షణ. టీకాలు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినవాళ్లకు రోజుకు కనీసం 15 గంటల ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో వచ్చిన పరిశోధనలే తేల్చాయి. దానికి ఇంట్లో యంత్రం కావాలి, ఆ యంత్రానికి ఆగని కరెంటు కావాలి. ఇవేవీ కొత్తవి కావు. ఈ మెట్లు ఎక్కినవాళ్లలోనే కవాటం ఎవరికో డాక్టర్లు తేలుస్తారు. మనకు కింది మెట్టు లేదు, పై అంతస్తు బొమ్మ మాత్రం ఫోన్‌లో ఉంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మన బడుల్లో, వసతిగృహాల్లో వంట ఎక్కడ జరుగుతోందో ఈ వారం వెళ్లి చూడండి. కట్టెలపొయ్యి ముందు రోజూ గంటల తరబడి కూర్చునే ఆ అక్కలు పిల్లలకు అన్నం పెట్టి తమ ఊపిరిని పొగకు ఇస్తున్నారు. పొగ బయటికి పోయే గొట్టమైనా లేని వంటగది ఉంటే, ప్రధానోపాధ్యాయుల నుంచి ఐటీడీఏ దాకా రాతపూర్వకంగా అడగండి. ఇది మన చేతిలో ఉన్న పని.

యువతకు ఇంకో మాట. ఫోన్లో వచ్చిన కబురును పంపేముందు గ్రామసభలో ఈ నాలుగు అడగండి. ప్రతి ఆరోగ్య కేంద్రంలో స్పైరోమీటర్, దాన్ని వాడటం వచ్చిన మనిషి ఉండాలి. పీల్చే మందు ఏడాది పొడవునా దొరకాలి. టీబీ తగ్గినవాళ్ల ఊపిరిని కూడా కొలవాలి. సిలిండరు ఇంటి గుమ్మం దాకా రావాలి. తీర్మానం రాయించండి, నకలు తీసుకోండి, జవాబు వచ్చేదాకా వదలకండి. పట్నంలో పెద్ద వైద్యం ఎప్పుడు దొరుకుతుందని కూడా తప్పక అడుగుదాం. కానీ మన అవ్వను ముందు ఊదమననివ్వండి. ఆమె ఊపిరి ఎంత మిగిలిందో ఆమెకు తెలియాలి.