ఇంటిని చూసి ఎవరిని చూడాలి?

2023 జూన్ మొదటి వారంలో విశాఖపట్నం మధురవాడలో, కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో మా గృహప్రవేశం జరిగింది. పాలు పొంగాయి. పులిహోర బాగుందన్నారు. వచ్చిన మగవాళ్లందరూ నా సహచరుణ్ణి బాల్కనీలోకి తీసుకెళ్లి చదరపు అడుగు ఎంత పడింది, బోరు ఎన్ని అడుగులు వేశారు, బ్యాంకు వడ్డీ ఎంత అని అడిగారు. ఆడవాళ్లందరూ నన్ను పడకగదిలోకి తీసుకెళ్లి కర్టెన్లు ఎక్కడ కొన్నావని అడిగారు. వెళ్లబోతూ మా పెద్దత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఇంక అంతా నీ చేతుల్లోనే ఉందమ్మా" అంది.

నవ్వి ఊరుకున్నాను. దాదాపు ముప్ఫయ్యేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. సామెతల్లో స్త్రీ గురించి పాఠం వచ్చినప్పుడు ఈ సామెతను చీల్చి చెండాడుతుంటాను. అదే సామెత నా ఇంట్లో నా భుజం మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం నవ్వాను. ఆ నవ్వు ఎంత ఖరీదైందో తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

అక్టోబరులో ఒక రాత్రి సముద్రం మీంచి గాలీ వానా కలిసి కొట్టాయి. తెల్లారేసరికి తూర్పు గోడ మీద కిటికీ కింద చెమ్మ. లప్పం ఉబ్బి, అరచేయంత పెచ్చులు రాలాయి. వారం తిరిగేసరికి గోడంతా తెల్లగా ఉప్పు పూసింది. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. స్నానాలగదిలో నీళ్లు తూము వైపు పోకుండా గడప వైపు వస్తున్నాయి. హాల్లో మూడు టైల్స్ అడుగేస్తే డొల్లగా పలుకుతున్నాయి. తడిచేత్తో వంటింటి స్విచ్ ముట్టుకుంటే జివ్వుమంటోంది.

ఇవన్నీ ముందుగా చూసింది నేనే. నాకేదో దివ్యదృష్టి ఉండి కాదు. తడిగుడ్డ పెట్టేదీ, స్నానాలగది కడిగేదీ, పొద్దున్నే ఆ స్విచ్ వేసేదీ నేనే కాబట్టి. బిల్డర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. "సార్ ఉన్నారా అమ్మా? సార్‌ని ఒకసారి మాట్లాడమనండి" అన్నారు. బ్యాంకు అప్పు ఇద్దరి జీతాల మీదా ఉంది. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేర్ల మీదా ఉంది. దస్తావేజులో నా పేరే ముందుంది. అయినా సార్ మాట్లాడాల్సి వచ్చింది. సార్‌కి ఏ గోడో తెలియదు. నేను పక్కన నిలబడి చెబుతుంటే అతను ఫోన్‌లో చెప్పాడు. నా ఇంటి గోడ గురించి నేను చెప్పే మాట ఒక మగగొంతులోంచి వెళితే తప్ప అవతల వినపడలేదు.

ఆ తర్వాత మొదలైంది ఎదురుచూపు. ప్లంబరు పొద్దున్నే వస్తానంటే పదకొండు కావచ్చు, సాయంత్రం కావచ్చు, ఎల్లుండి కావచ్చు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు కదా! ఆ విద్యా సంవత్సరంలో నా క్యాజువల్ లీవుల్లో పదకొండు ఆ ఎదురుచూపుకే పోయాయి. నా సహచరుడు మూడు ఫోన్లు చేశాడు. సంక్రాంతికి బంధువులొస్తే "రిపేర్లన్నీ దగ్గరుండి చేయించాను" అన్నాడు. అతను అబద్ధాలాడే మనిషి కాదు. ఈ పత్రిక నాకంటే ముందు చదివేస్తాడు. అతని లెక్కలో ఫోన్ చేయడం చేయించడమే. గుమ్మం దగ్గర కూర్చుని ఎదురుచూడడం పనే కాదు. మంచివాళ్ల లెక్కలు కూడా ఇలాగే ఉండడం గురించే నా గొడవ.

ఈలోగా సలహాలు. ఆ గోడ మీద ఒక పెద్ద కలంకారీ తగిలించమని ఒకావిడ. వాల్‌పేపర్ అతికిస్తే ఏమీ తెలియదని ఇంకొకావిడ. ఇంటీరియర్ వాళ్ల అబ్బాయి వచ్చి, ప్లాస్టిక్ పలకలు బిగించేస్తే గోడ అన్నదే కనపడదని, "మీ టేస్టు బాగుంటుంది మేడమ్, డిజైన్ మీరే సెలెక్ట్ చేసుకోండి" అనీ చెప్పాడు. నాకక్కడ అర్థమైంది. ఇంట్లో నాకు వదిలిపెట్టిన అధికారం ఎంతో, ఎక్కడ ఆగిపోతుందో. గోడ ఎందుకు తడుస్తోందో అడిగే హక్కు లేదు. తడిసిన గోడను దేనితో కప్పాలో ఎంచుకునే హక్కు మాత్రం పూర్తిగా నాదే. దానికి పెట్టిన పేరు అభిరుచి.

ఇది మొదటినుంచీ ఇలాగే లేదు. మా అమ్మ మట్టిగోడల ఇంట్లో కాపురం చేసింది. పండగ ముందు ఎర్రమట్టీ పేడా కలిపి గోడలు మెత్తి, నేల అలికి, సున్నం కొట్టి, ముగ్గు పెట్టేది. దాన్ని మనం పండగ ముస్తాబు అనుకున్నాం. జాగ్రత్తగా చూస్తే అది ఏడాదికోసారి చేసే మరమ్మతు. ఏ మూల వాన కొడుతుందో, ఎక్కడ పందికొక్కు తవ్విందో, ఏ గోడకు మట్టి ఎంత మందం పట్టించాలో, చెదపురుగు ఎటునుంచి వస్తోందో ఆమెకు తెలుసు. బాగుచేయడమూ అందంగా చేయడమూ ఆమె చేతిలో ఒకటే పని.

సిమెంటు వచ్చి ఆ పనిని రెండుగా చీల్చింది. మరమ్మతు మేస్త్రీకీ ఇంజనీరుకీ వెళ్లింది. దానికి కూలి, కాంట్రాక్టు, డిగ్రీ, గౌరవం వచ్చాయి. అలంకరణ మనకు మిగిలింది. దానికి పొగడ్త వచ్చింది. మట్టి తొక్కిన కాళ్ల నొప్పులు తగ్గినందుకు నాకేమీ బాధ లేదు. అమ్మ చాకిరీని తిరిగి తెచ్చుకుందామని నేననడం లేదు. చాకిరీతో పాటు ఇంటి గురించిన తెలివిడి కూడా మన చేతుల్లోంచి పోయిందనీ, చాకిరీ మాత్రం వేరే రూపంలో తిరిగొచ్చిందనీ అంటున్నాను.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. మనలో చాలామందికి ఆ కథ ప్రాణం. ఆమె పేరు మరిచిపోయింది. మనకు పేరు గుర్తుంది, దస్తావేజులో కూడా ఉంది. ఊరికే రాలేదది. 1986లో మన రాష్ట్రం చేసిన వారసత్వ సవరణ చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇస్తూనే, అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లను పక్కన పెట్టింది. ఆ గీత చెరగడానికి 2005 కేంద్ర చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అంత నడిచి వచ్చిన పేరు కాగితం మీద ఉండీ గోడ దగ్గర చెల్లకపోతే ఎలా?

సరే, తెలుసుకుందామని కూర్చున్నాను. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. రూపాయి బిళ్లతో టైల్ నాలుగు మూలలా కొడితే డొల్ల ఎక్కడుందో చెవికి తెలుస్తుంది. స్నానాలగది నేల మీద గోలీ వదిలితే వాటం ఎటుందో అదే చూపిస్తుంది. తూము మూసి, గడపకు చిన్న కట్ట కట్టి, ఒక రోజంతా నీళ్లు నిలబెడితే కింది ఫ్లాటు కప్పు నిజం చెబుతుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించి చూపించమనాలి. ఇంటి నుంచి ఇంటికి, గది నుంచి గదికి తిరిగి నలభై ఒక్క లోపాలు రాశాను. ఫొటోలు తీసి తేదీలు వేశాను.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టంలో 14వ సెక్షన్ చదివాను. ఇల్లు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు కట్టుబడిలోగానీ పనితనంలోగానీ లోపం కనపడి బిల్డర్ దృష్టికి తెస్తే, ముప్ఫై రోజుల్లో డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. లేకపోతే కొన్నవాళ్లు పరిహారం అడగవచ్చు. ఆ సెక్షన్ ఉటంకిస్తూ నా సంతకంతో రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. వారానికల్లా సైట్ ఇంజనీరు వచ్చాడు. జాబితా అంతా చదివి "మేడమ్, మీరు సివిలా?" అన్నాడు. "కాదు బాబూ, తెలుగు" అన్నాను.

తవ్వితే తేలింది ఇది: కిటికీ అడుగు బండకు వాటం బయటికి కాక లోపలికి ఇచ్చారు. పైన సజ్జ అంచు కింద నీళ్లు తెగి పడడానికి గాడి తీయలేదు. వాన నీళ్లు సజ్జ అడుగునే పాకి వచ్చి గోడలోకి దిగుతున్నాయి. రెండు రోజుల పని. కలంకారీ తగిలించి ఉంటే ఆ గుడ్డ వెనక ఇనుము తుప్పు పట్టేది.

వంటింటి గట్టు సంగతి మాత్రం ఏ చట్టంలోనూ లోపం కింద రాదు. నా ఎత్తు అయిదు అడుగులు. గట్టు ముప్ఫై నాలుగు అంగుళాలు, దాని మీద స్టవ్వు. కుక్కర్ మూత తీయాలంటే మడమలు లేపాలి. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలని వాస్తు సిద్ధాంతి దిక్సూచి పెట్టి కొలిచాడు. దిక్కును కొలిచారు గానీ నన్నెవరూ కొలవలేదు. 1926లో మార్గరెటె షూట్టె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియన్ మహిళా ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం వంటింటిని అడుగులు లెక్కపెట్టి, చేతికందే దూరం చూసి రూపొందించింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. ఆ ఇరుకు గదిలో స్త్రీని ఒంటరిగా బంధించారని తర్వాతి తరం స్త్రీవాదులు విమర్శించారు. ఆ విమర్శ సరైనదే. కానీ వందేళ్ల తర్వాత మనం ఆ విమర్శ దాకా కూడా రాలేదు. ఇంకా ఆగ్నేయం దగ్గరే ఉన్నాం.

"ఉన్న చాకిరీ చాలదని ఇప్పుడు తాపీపని కూడా మనమే నేర్చుకోవాలా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది: ఇంటి నిర్వహణ ఇప్పటికే మన నెత్తి మీదుంది. ఆ పని తాలూకు నిర్ణయం, జ్ఞానం, మాట చెల్లుబాటు మాత్రమే మన దగ్గర లేవు. వాటిని తీసుకుని, ఎదురుచూపును పంచుదాం. ఇప్పుడు మా ఇంట్లో మరమ్మతుకు ఎవరైనా వస్తే సెలవు వంతులవారీగా పెడతాం. కర్టెన్లు ఉతికించడం అతని వంతు. అభిరుచి మగవాళ్లకూ అలవడుతుంది, మనం అవకాశమివ్వాలి.

ఇక్కడితో ముగిస్తే నేను నిజం చెప్పినట్టు కాదు.

మా అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు శ్లాబు మీద నీళ్లు కట్టింది, గోడలకు గొట్టంతో నీళ్లు కొట్టింది, ఇటుకలు మోసింది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆడవాళ్లు. సిమెంటు గట్టిపడిందంటే వాళ్లు పోసిన నీళ్ల వల్లే. అయినా కొన్నేళ్లపాటు ఆ పనిలో ఉన్నా ఆడమనిషి కూలీగానే మిగులుతుంది. మగవాడైతే మేస్త్రీ అవుతాడు. జార్ఖండ్‌లో మరుగుదొడ్లు కట్టడానికి పల్లెటూరి ఆడవాళ్లకు శిక్షణ ఇస్తే వాళ్లే మేస్త్రీలయ్యారు. 'రాణీ మిస్త్రీ' అని పిలిచారు. కనక చేతకాకపోవడం కాదు, తాపీ చేతికివ్వకపోవడం. నా ఇంటి గోడ గురించి నా మాట చెల్లలేదని ఇంత రాశాను. ఆ గోడ లేపిన వాళ్ల మాట నేనెప్పుడైనా విన్నానా?

రెండో సంగతి ఇంకా దగ్గరిది. నలభై ఒక్క లోపాలు రాసిన నేను, మా ఇంట్లో పనిచేసే ఆమె కాలకృత్యాలకు ఎక్కడికెళుతుందో రాయలేదు. తెలియదు కూడా. స్నానాలగది వాటం గురించి మూడు ఉత్తరాలు రాశాను గానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఒక రోజు అడిగాను. "కింద జనరేటర్ వెనకాల ఒకటుందమ్మా, గడియ లేదు. మూడిళ్ల పనీ అయ్యేదాకా నేను నీళ్లు తాగను" అంది, చాలా మామూలుగా.

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు కదా. చూశాను. నలభై ఫ్లాట్లున్న భవనంలో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా తిరిగే ఆడవాళ్లు కనపడ్డారు. ప్లాన్ గీసినవాళ్ల కళ్లకు వాళ్లు ఆనలేదు. కొన్న నా కళ్లకూ ఆనలేదు.

మా ఇంట్లోది వాడుకోమని ఆమెతో చెప్పాను. అది నా ఇంటి మటుకు సర్దుబాటు, పరిష్కారం కాదు. నలభై రెండో లోపంగా దాన్ని రాసి అసోసియేషన్ సమావేశంలో పెట్టాను. లాబీలో పెట్టే పూలకుండీల గురించి గంటసేపు మాట్లాడారు. మహిళా సభ్యులు సలహాలివ్వాలని ప్రత్యేకంగా కోరారు. నేను లేచి, కుండీల డబ్బుతో కింద గడియా నీళ్లూ దీపం ఉన్న మరుగుదొడ్డి కట్టాలని అడిగాను. "అది తర్వాత చూద్దాం మేడమ్" అన్నారు. ఆ సమావేశానికి సార్ రాలేదు. రానవసరం లేదు. వచ్చే సమావేశానికి నాతో పాటు మరో నలుగురు ఆడవాళ్లు వస్తున్నారు. జాబితా మా దగ్గరుంది.