మినిమం బ్యాలెన్స్ పేరుతో మన స్కాలర్‌షిప్ కోస్తుంటే

డిగ్రీ ఫస్టియర్‌లో స్కాలర్‌షిప్ పడిందని మెసేజ్ వచ్చిన రోజే బస్సెక్కి టౌనుకు పోయాను. ఏటీఎంలో చూస్తే రావాల్సిన దానికన్నా తక్కువ ఉంది. బ్యాంకులో అడిగితే "మినిమం బ్యాలెన్స్ లేదు కదా, కట్ అయింది" అన్నారు. దానికి తోడు కార్డు చార్జీ, ఎస్సెమ్మెస్ చార్జీ, వాటి మీద జీఎస్టీ. ఖాళీ ఖాతాలో డబ్బు పడగానే బాకీ వసూలు చేసినట్టు లాగేశారు. తప్పు నాదే అనుకుని ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చేశాను.

తప్పు నాది కాదని తర్వాత తెలిసింది.

మన ఇళ్లలో డబ్బు నెలనెలా రాదు. చింతపండు, జీడిపిక్కలు అమ్మినప్పుడు వస్తుంది, వచ్చినట్టే అయిపోతుంది. అలాంటి ఇంటి పిల్లల ఖాతాలో వేల రూపాయలు కదలకుండా ఎలా ఉంటాయి? ఉన్నవాడికి ఉచితం, లేనివాడికి జరిమానా. ఇదేం న్యాయం?

అసలు రూల్ ఏంటో చూడండి. జీరో బ్యాలెన్స్‌తో నడిచే బేసిక్ సేవింగ్స్ ఖాతా అడిగిన వాళ్లందరికీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే అన్ని బ్యాంకులకూ చెప్పింది. జన్‌ధన్ ఖాతాలూ ఈ రకమే. ఇందులో ఏటీఎం కార్డుకి ఏడాది చార్జీ ఉండదు. నెలకు కనీసం నాలుగుసార్లు డబ్బు ఉచితంగా తీసుకోవచ్చు. ఇప్పుడున్న మామూలు ఖాతాని దీనిలోకి మార్చమని అడగొచ్చు. కాకపోతే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు.

మామూలు ఖాతా అయినా సరే, బ్యాలెన్స్ తగ్గితే ముందు మనకి తెలియజేసి నెల గడువు ఇవ్వాలి. ఆ జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఇదీ రిజర్వ్ బ్యాంక్ మాటే.

ఏటీఎం దగ్గరా జాగ్రత్త. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదుసార్లు ఉచితం. వేరే బ్యాంకుదైతే మన ఊళ్లలో ఐదు, హైదరాబాద్‌లో మూడే. ఆ పైన ప్రతిసారీ 23 రూపాయల దాకా, టాక్స్ అదనం. ఊరికే బ్యాలెన్స్ చూసినా లెక్కలోకి వస్తుంది. అందుకే బ్యాలెన్స్ ఫోన్‌లోనే చూసుకోండి.

పాస్‌బుక్‌లో 436, 20 రూపాయల కోతలు కనిపిస్తే అవి ప్రధానమంత్రి బీమా పథకాలవి కావచ్చు. ఆ బీమాలు చెడ్డవని కాదు. కానీ మన ఒప్పుకోలు లేకుండా పెట్టకూడదు. వద్దంటే ఆపమని రాసివ్వండి.

"వంద, రెండొందల కోసం ఇంత గొడవా?" అనేవాళ్లుంటారు. హాస్టల్ నుంచి ఇంటికి బస్ చార్జీ అదే. పరీక్ష ఫీజుకి తక్కువపడేదీ ఆ వందే.

నోటిమాటగా అడిగితే "రేపు రా" అంటారు. కాయితం మీద రాసివ్వండి, ఇంకో కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకోండి. ఒక్కరే కాకుండా నలుగురు కలిసి పోండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకి 14448కి ఫోన్ చేయండి.

అసలు ఈ తిప్పలు పిల్లలు పడాల్సిన పని లేదు. అడ్మిషన్ రోజే కాలేజీలు, ఐటీడీఏలు స్కాలర్‌షిప్ కోసం జీరో బ్యాలెన్స్ ఖాతాలే తెరిపించాలి. ఇది మనం గట్టిగా అడగాలి.

అప్పటిదాకా ఈ ఆదివారం హాస్టల్‌లో అందరూ కూర్చుని పాస్‌బుక్కులు తెరవండి. ఏ కోత ఎందుకు పడిందో ఒక్కో లైను చదవండి. నేను ఆ రోజు గమ్మున వచ్చేశాను. మీరు రాకండి.