పాదాలు కూడా కనబడాలి

ఏటిగట్టు: వారం వారం

ఆత్రేయపురం వచ్చినవాళ్లు పూతరేకులు కొనకముందే ఫోను తీస్తారు. తియ్యాలి కూడా. పొయ్యి మీద బోర్లించిన కుండ, పక్కన పల్చటి పిండి జావ, అందులో తడిసిన గుడ్డ. పని చేసే ఆవిడ ఆ గుడ్డను రెండు చేతులా పట్టుకుని వేడి కుండ మీద పరిచీ పరచకముందే లాగేస్తుంది. గుడ్డ జారిన చోట రేకు తేలి ఉంటుంది. అంచు పట్టుకుని ఒలిచి పక్కన పెట్టేసరికి గుడ్డ మళ్లీ పిండిలో మునుగుతుంది. మంట ఎక్కువైతే రేకు మాడిపోతుంది, తక్కువైతే ఊడిరాదు. చెయ్యి ఒక్క లిప్త ఆగినా మందం తేడా వచ్చేస్తుంది. ఆ లెక్కలన్నీ ఆవిడ మణికట్టులో ఉన్నాయి.

తర్వాత ఆ వీడియోలు చూడండి. మొదట కుండ, వెంటనే ఒలిచిన రేకు, ఆ వెంటనే తినేవాళ్ల మొహం, వెనకాల ఓ సినిమా పాట. గుడ్డ కుండను తాకి వదిలే క్షణంలోనే అసలు విద్య ఉంది. కత్తిరింపులో పోయింది సరిగ్గా అదే. ఆ చేతులు ఎవరివైనా కావచ్చు అన్నట్టుంటుంది ఆ వీడియో. చూసి నేర్చుకుందామనుకున్న పిల్లకు అందులో దొరికేది ఏమీ లేదు.

ఇలాంటివి చూసినప్పుడల్లా పాత అమెరికన్ టీవీ మీద నాకు గౌరవం పెరుగుతుంది. ముఖ్యంగా ఆ టీవీ హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టును చూపించిన పద్ధతి మీద.

దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. కోనసీమ పెంకుటిళ్ల మీదికి యాంటెన్నాలు ఎక్కడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఎనభైల్లో మా వైపు టీవీ ఉన్న ఇల్లంటే ఊరందరిదీ. గ్లోబ్‌ట్రాటర్స్‌ను నేను చూసింది మాత్రం దూరదర్శన్‌లో కాదు, కొత్తపేటలో తెలిసినవాళ్ల ఇంట్లో, అమెరికా నుంచి వచ్చిన బంధువుల సామానులో దిగిన వీడియో క్యాసెట్‌లో. అక్కడి క్యాసెట్ మామూలుగా మన వీసీఆర్‌లో ఆడదు. వాళ్ల టీవీ బొమ్మకు 525 గీతలు, మనదానికి 625. ఆ ఇంట్లో మల్టీసిస్టమ్ వీసీఆర్ ఉండబట్టి చూడగలిగాం. బాస్కెట్‌బాల్ అంటే హైస్కూలు గ్రౌండులో ఒక మూల, వల ఊడిపోయిన రింగు కింద ఆడే ఆట అనుకునేవాళ్లం. ఆ క్యాసెట్ చూశాక అదే బంతి వేరేగా కనిపించింది.

కోర్టు మధ్య గుండ్రటి గీత చుట్టూ ఆటగాళ్లు నిలబడతారు. నీలం జెర్సీలు, ఎర్ర చారల తెల్ల నిక్కర్లు. ఈలపాట మొదలవుతుంది. అది బ్రదర్ బోన్స్ 1949లో రికార్డు చేసిన ‘స్వీట్ జార్జియా బ్రౌన్’, ఆ జట్టుకు గుర్తుగా నిలిచిపోయిన బాణీ. బంతి ఒకరి భుజం మీది నుంచి ఇంకొకరి కాళ్ల సందులోకి, అక్కడి నుంచి మరొకరి వేలి కొస మీదికి వెళ్లి గిరగిరా తిరుగుతుంది. ఒక చేతి మణికట్టు నుంచి బయల్దేరి, మెడ వెనక నుంచి దొర్లి, రెండో చేతిలోకి దిగుతుంది. గుండు తలతో కర్లీ నీల్ వస్తాడు. మోకాళ్ల మీద జారుతూ, నేలకు జానెడెత్తులో బంతిని కొడుతూ, తనను పట్టుకోబోయినవాళ్ల చుట్టూ తిరుగుతాడు. ఆ బంతి చప్పుడు ఎక్కడా లయ తప్పదు. మెడోలార్క్ లెమన్ కోర్టు సగం దూరం నుంచి, బుట్టకు పక్కకు తిరిగి, ఒంటి చేత్తో తల మీదుగా విసురుతాడు. పడుతుంది. నీళ్ల బకెట్ పట్టుకుని రిఫరీని తరుముతాడు, జనం మీదికి విసిరేస్తాడు. జనం కేకలు వేసి వంగిపోతారు. బకెట్లోంచి రాలేవి కాగితం ముక్కలు.

ఆనాటి టీవీ కెమెరా పెద్ద బరువు. స్టాండు మీద ఎత్తుగా, దూరంగా పెట్టేవాళ్లు. బంతి బయల్దేరిన చెయ్యి, దాని దారి, చేరిన చెయ్యి, మనిషి తల, పాదం, కింద నేల, అన్నీ ఒకే బొమ్మలో ఉండేవి. కర్లీ నీల్ మోకాళ్ల మీద జారుతున్నప్పుడు పాదాలు ఎటు తిప్పాడో చూడొచ్చు. బంతిని ఏ వేళ్లతో అదిమాడో చూడొచ్చు. క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ చూసేవాళ్లం. మోసానికి చోటు లేదు. కనికట్టు అనుకున్నది చూడగా చూడగా సాధన అని తెలిసేది.

ఈ జట్టు పుట్టింది 1926లో, షికాగోలో. పేరులో మాత్రం న్యూయార్క్‌లోని నల్లవారి పేట హార్లెమ్. జట్టును నడిపిన ఏబ్ శాపర్‌స్టైన్ తన ఆటగాళ్లు నల్లవాళ్లని చూసేవాళ్లకు వెంటనే తెలియాలని ఆ పేరు పెట్టాడు. వాళ్లు హార్లెమ్‌లో మొదటిసారి ఆడింది 1968లో. తొలి ప్రయాణం 1927 జనవరి 7న ఇల్లినాయ్‌లోని హింక్‌లీ అనే చిన్న ఊరికి. ఆ రోజుల్లో నల్ల ఆటగాళ్లకు పెద్ద లీగుల తలుపులు మూసి ఉండేవి. ఊరూరూ తిరిగి అక్కడి జట్టుతో ఆడి, వచ్చిన డబ్బుతో ఇంకో ఊరికి వెళ్లాలి. మరీ చిత్తుగా ఓడిస్తే ఆ ఊరివాళ్లు మళ్లీ పిలవరు. అందుకని పాయింట్లు బాగా ముందుకెళ్లాక ఆటను విన్యాసంగా మార్చేవారు. కాళ్లకు విశ్రాంతి దొరికేది, జనానికి నవ్వు దొరికేది. చేతిలో ఉన్న విద్య దారి మార్చుకుని బయటికొచ్చింది.

వీళ్లది ఆట కాదు, తమాషా అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. వాళ్లకు జవాబు 1948 ఫిబ్రవరి 19న షికాగో స్టేడియంలో దొరికింది. ఎదురుగా పెద్ద లీగు జట్టు మినియాపొలిస్ లేకర్స్, అందులో ఆరడుగుల పది అంగుళాల జార్జ్ మైకన్. చూడ్డానికి వచ్చినవాళ్లు పదిహేడు వేలకు పైనే. ఆట చివరి క్షణంలో ఎర్మర్ రాబిన్సన్ దూరం నుంచి విసిరిన బంతి బుట్టలో పడింది. 61-59. మరుసటి ఏడు మళ్లీ గెలిచారు. 1950లో ఎన్‌బీఏ అనే పెద్ద లీగు నల్ల ఆటగాళ్లను తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు న్యూయార్క్ నిక్స్‌లోకి వెళ్లిన నాట్ క్లిఫ్టన్ ఈ జట్టు మనిషే. నవ్వించినవాళ్లే ఆ తలుపును తోశారు.

అరవైల్లో పౌరహక్కుల పోరాటం సాగుతున్నప్పుడు, తెల్లవాళ్ల ముందు గెంతులేసి నల్లజాతి పరువు తీస్తున్నారని వీళ్లను కొందరు తప్పుబట్టారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. నా తీర్పు మాత్రం వేరు. ఆ కోర్టులో నవ్వులపాలయ్యేది ఎవరో చూడండి. రిఫరీ, బంతి దొరక్క తిరిగే ఎదుటి జట్టు. బంతి ఎప్పుడూ వీళ్ల చేతిలోనే ఉంటుంది.

ఎదుటి జట్టు వాషింగ్టన్ జనరల్స్ గురించి కూడా చెప్పాలి. రెడ్ క్లాట్జ్ 1952లో కట్టిన జట్టు అది. వేల ఆటలు ఓడిపోయింది. 1971 జనవరి 5న టెనెసీ రాష్ట్రంలోని మార్టిన్‌లో మరో పేరుతో ఆడుతూ 100-99తో గెలిచింది. గెలిపించిన బంతి యాభై ఏళ్ల క్లాట్జే విసిరాడు. వీళ్లంటే నాకు చాలా ఇష్టం. ఎదుటివాడు నిజంగా పరిగెత్తి, నిజంగా చెయ్యి చాచితేనే కర్లీ నీల్ విద్య విద్యగా కనబడుతుంది. ఒక అంగుళం ఇటు పడ్డా ఇద్దరికీ దెబ్బే. ఓడిపోయే పాత్రను అంత శ్రద్ధగా మోయడానికి ఎంత నమ్మకం ఉండాలి!

ఆ నమ్మకాన్ని కళ్లారా చూడాలంటే మనం అమెరికా పోనక్కర్లేదు. దసరాకి అమలాపురం రండి. వీధివీధికీ వాహనం బయల్దేరుతుంది, ముందు చెడీ తాలింఖానా. కర్రసాము, కత్తిసాము, నిప్పుబంతుల తిప్పుడు. డప్పుల మోతలో ఒక కుర్రాడు వెల్లకిలా పడుకుంటాడు. పొట్ట మీద కూరగాయ పెడతారు. కత్తి పట్టినవాడి కళ్లకు గంతలు కడతారు. అతను అడుగులు కొలుచుకుంటూ వస్తాడు, కాలి బొటనవేలితో నేల తడుముకుంటాడు, కత్తి ఎత్తుతాడు. కాయ రెండు ముక్కలవుతుంది, కింద చర్మం మీద గీత కూడా పడదు. చప్పట్లు కత్తి పట్టినవాడికి వెళతాయి. నా కళ్లు ఎప్పుడూ పడుకున్నవాడి మీదే ఉంటాయి. ఊపిరి బిగబట్టి పొట్ట కదలకుండా ఉంచిన ఆ కుర్రాడిది కూడా సాధనే.

బ్రిటిష్ వాళ్ల కాలంలో కుర్రాళ్లకు ఆయుధవిద్య నేర్పడానికి పండగ ఆట ముసుగుగా పనికొచ్చిందని మా పెద్దలు చెబుతారు. అమలాపురంలోని మహిపాలవీధిలో, కొంకాపల్లిలో తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి శిష్యుడికి అది దిగుతూ వచ్చింది. రాసిపెట్టిన పుస్తకం మీద ఆధారపడి కాదు, చూసి, చేసి, దెబ్బలు తిని.

చూడటం ఎంత పని చేస్తుందో మెడోలార్క్ లెమన్ బతుకే చెబుతుంది. 1932లో పుట్టిన ఆ నార్త్ కరోలినా పిల్లాడు పదకొండేళ్ల వయసులో విల్మింగ్టన్‌లో సినిమాకు వెళ్లాడు. సినిమాకు ముందు వేసే వార్తాచిత్రంలో గ్లోబ్‌ట్రాటర్స్ కనిపించారు. ఇంటికి పరిగెత్తుకెళ్లి బట్టలు తగిలించే తీగను వంచి రింగు చేశాడు, ఉల్లిపాయల గోనె ముక్కను వల చేశాడు, ఖాళీ పాలడబ్బాను బంతి చేశాడు. తర్వాత ఆ జట్టులోనే ఇరవై ఏళ్లకు పైగా ఆడి, 2003లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. కొద్ది నిమిషాల రీలు ఒకటి ఒక మనిషిని తయారు చేసింది. అతను 2015లో, కర్లీ నీల్ 2020లో పోయారు. ఈ రోజుకీ ఏ ఊళ్లో పిల్లాడైనా వాళ్ల చేతులు ఎలా తిరిగాయో చూసి సాధన మొదలుపెట్టొచ్చు.

మన వైపు చూసుకుంటే గుండె బరువెక్కుతుంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగిన కోడి రామ్మూర్తి నాయుడి పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఇనుప గొలుసులు తెంపాడు, కార్లను చేతులకు కట్టుకుని ఆపాడు, ఏనుగును గుండె మీద నిలబెట్టుకున్నాడు. 1942లో పోయాడు. శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది, విశాఖ బీచ్‌లో విగ్రహం ఉంది. ఆయన ఊపిరి ఎప్పుడు బిగించేవాడో, పాదాలు ఎలా తొక్కిపట్టేవాడో చూద్దామంటే మన చేతికొచ్చేవి ఫొటోలు, తాతలు చెప్పిన కథలు. మన ఊళ్ల నడుమ గడ పాతి, తాడు కట్టి, దాని మీద పిల్లను నడిపించిన దొమ్మరి కుటుంబాల సంగతి ఇంకా ఘోరం. నోరు తెరుచుకుని చూశాం, చేటెడు బియ్యం పోశాం, ఊరి బయటే ఉంచాం. వాళ్ల పేర్లు కూడా అడగలేదు. ఆ తాడు మీది నడక మన కళ్ల ముందే మాయమైపోతుంటే పట్టించుకోలేదు.

కెమెరాలు మనకు కొత్తా? ఆత్రేయపురం పక్కనే ఉన్న లొల్ల లాకుల దగ్గర ఎన్ని సినిమాలు తీశారో! కాలువ, కొబ్బరిచెట్లు, గట్టు మీద హీరో హీరోయిన్లు. అంత దూరం మోసుకొచ్చిన కెమెరాను ఒక పూట అమలాపురం వైపు తిప్పి, ఒక తాలింఖానా గురువును మొదటి నమస్కారం నుంచి చివరి నమస్కారం దాకా తీసి పెట్టాలని ఎంతమందికి తోచింది? ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది, తీసేవాళ్లకు కొదవ లేదు. దసరా రాత్రి కత్తి కంటే ఫోన్లే ఎక్కువ మెరుస్తాయి. తీసేది మాత్రం పదిహేను సెకన్ల ముక్క. కత్తి పడ్డ క్షణం ఉంటుంది, ఆ కత్తిని అక్కడిదాకా తెచ్చిన అడుగులు ఉండవు. డప్పు తీసేసి పాట వేస్తారు. డప్పు దెబ్బకూ అడుగుకూ ఉన్న లెక్క దాంతోనే పోతుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా ఊళ్లన్నీ సంబరపడ్డాయి. ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా చట్టం కాస్తుంది. చేతిని మాత్రం చట్టం కాయలేదు. రేకు తీసే చెయ్యి, కర్ర తిప్పే చెయ్యి రేపు ఎలా తిరగాలో చెప్పాలంటే ఈ రోజు తిరుగుతున్నది పూర్తిగా కనబడాలి.

అందుకని ఈ దసరాకి కొంకాపల్లిలోనో మహిపాలవీధిలోనో నిలబడేవాళ్లకు నాదొక విన్నపం. ఫోను అడ్డంగా పట్టుకోండి. నాలుగడుగులు వెనక్కి జరగండి. ఆడే మనిషి తల నుంచి పాదం దాకా కనబడే చోట చెయ్యి కదపకుండా ఆగండి. గంతలు కట్టడం దగ్గర మొదలుపెట్టి, పడుకున్న కుర్రాడు లేచి నిలబడేదాకా ఆపకండి. డప్పును ఉన్నదున్నట్టు ఉండనివ్వండి. హడావిడి తగ్గాక గురువుగారి దగ్గరికి వెళ్లి, ఆ విద్య పేరేమిటో, ఆయనకు నేర్పింది ఎవరో, ఆయన నోటితోనే చెప్పించండి. ఒక కాపీ ఆయన ఇంట్లో ఇవ్వండి. ఇంకొకటి అమలాపురం ఎస్‌కేబీఆర్ కళాశాల గ్రంథాలయానికి పట్టుకెళ్లి, దాచిపెట్టమని అడగండి.